తాళం చెవికి తాకట్టు



నిరుడు సంక్రాంతి వెళ్లిన పది రోజులకు, ఒక పొద్దుటి పూట మా తమ్ముడు హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. గొంతు వింటేనే కంగారు తెలిసిపోతోంది. "అప్పా, కాతాలో డబ్బులున్నాయి. మిషన్లో లేవంటంది. ఏటి సెయ్యాలి?" అన్నాడు.

వాడు మా మూలపేటలోనే ఉంటాడు. నౌపడ ఉప్పు మడుల్లో పని చూసుకుంటాడు. మా మరదలి పుట్టిల్లు వజ్రపుకొత్తూరు వైపు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం పిల్లకు కాళ్లు కాస్త వాచాయంటే ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. క్రియాటినిన్ అనే మాట మా వైపు బడి మొహం చూడని ముసలమ్మలకు కూడా తెలుసు. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాక, ప్రతిదానికీ విశాఖ పరుగెత్తే బాధ కొంత తగ్గింది. అయినా ఇంకో పెద్ద డాక్టరు మాట కూడా విందామని, ఒక్కసారి చూపించుకుని వస్తే మనసుకు నిమ్మళంగా ఉంటుందని బయల్దేరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలాగే వీళ్లిద్దరూ పలాసలో ఫలక్‌నుమా ఎక్కి, సికింద్రాబాదులో దిగి, నిమ్స్‌లో చూపించుకోవడానికి వెళ్లారు.

గది సంగతి మా అబ్బాయి చూశాడు. వాడు బెంగళూరులో ఉద్యోగం. మావయ్య ఊరుగాని ఊళ్లో, ఒంట్లో బాగోలేని అత్తను వెంటబెట్టుకుని లాడ్జీల చుట్టూ తిరగకూడదని, ఫోన్లో వెతికి పంజాగుట్ట దగ్గర ఒక హోటల్లో రెండు రాత్రులకు గది తీశాడు. రోజుకు 1,350 చొప్పున 2,700 రూపాయలు తనే కట్టేశాడు. "మావయ్యా, నువ్వు ఆధార్ చూపిస్తే చాలు, పైసా ఇవ్వక్కర్లేదు" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

రిసెప్షన్లో కుర్రాడు ఆధార్ తీసుకున్నాడు, రిజిస్టర్లో సంతకం పెట్టించుకున్నాడు. తాళం చెవి ఇవ్వబోతూ ఆగి, "సార్, సెక్యూరిటీ డిపాజిట్. రోజుకు రెండు వేలు, రెండు రోజులకు నాలుగు వేలు. రిఫండబుల్ సార్" అన్నాడు. రాత్రంతా రైల్లో నిద్రలేదు. మరదలు కౌంటరు పట్టుకుని నిలబడి ఉంది. అలాంటప్పుడు ఎవరైనా ఏం వాదిస్తారు? చేతిలో ఉన్న నోట్లు ఆటోలకీ తిండికీ కావాలి కదా అని మా వాడు కార్డు ఇచ్చాడు. కుర్రాడు మిషన్లో పెట్టి పిన్ కొట్టమన్నాడు. కొట్టాడు. చిన్న చీటీ ఒకటి బయటికొచ్చింది. దాన్ని మడిచి ఆధార్ కార్డు వెనకాల పెట్టుకున్నాడు. ఆ చీటీ పారెయ్యకపోవడమే ఆ ప్రయాణంలో వాడు చేసిన మంచి పని. అది ఎందుకో తర్వాత చెబుతాను.

మర్నాడు పరీక్షల బిల్లు 10,850 అయింది. వాడి ఖాతాలో ఉన్నది 13,600. కార్డు పెడితే మిషను తిప్పికొట్టింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ అంతే. వెనకాల లైను పెరిగిపోతోంది. పక్కకు తప్పుకుని నాకు ఫోన్ చేశాడు.

నేను టెక్కలి, పలాస చుట్టుపక్కల శాఖల్లో ముప్పై ఏళ్ల పైచిలుకు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇలాంటి మాట కౌంటరుకు అవతల నుంచి చాలాసార్లు విన్నదాన్నే. "ఫోన్లో ఎవైలబుల్ అన్నచోట ఎంత చూపిస్తోందిరా?" అనడిగాను. "తొమ్మిది వేల ఆరొందలు" అన్నాడు. "హోటల్లో కార్డేమైనా గీకారా?" అన్నాను. "గీకేరు. మళ్లీ ఇచ్చెస్తారట" అన్నాడు. నాకు లెక్క తెలిసిపోయింది. తెలిసీ అప్పటికప్పుడు చేయగలిగింది లేదు. మా అబ్బాయి చేత 2,000 వేయించాను, బిల్లు కట్టారు, పరీక్షలు జరిగాయి.

ఈవేళ నేను చెప్పదలచుకున్నది ఆ నాలుగు వేల గురించి.

హోటల్ వాళ్లు మిషన్లో కార్డు పెట్టి చేసేవి రెండు రకాల పనులుంటాయి. బయటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటిది, డబ్బు నిజంగానే తీసుకోవడం. మన ఖాతాలోంచి పోతుంది, వాళ్ల ఖాతాలో పడుతుంది. రెండోది, డబ్బు తీసుకోకుండా కట్టిపడెయ్యడం. హోటల్ మిషను మన బ్యాంకును అడుగుతుంది, ఈ మనిషి దగ్గర నాలుగు వేలున్నాయా అని. ఉన్నాయంటే, వాటిని ఇంకెవరికీ ఇవ్వకుండా నా కోసం పక్కన పెట్టు అంటుంది. బ్యాంకు పక్కన పెడుతుంది. దీన్ని ప్రీ ఆథరైజేషన్ అంటారు, హోల్డ్ అంటారు, బ్లాక్ అంటారు. మా బ్యాంకు వాళ్ల మాటలో లీన్. డబ్బు మన పేరునే ఉంటుంది. పాస్‌బుక్కులో మొత్తం కనిపిస్తుంది. కానీ ముట్టుకోవడానికి వీల్లేదు. మన చెరువులో నీళ్లే, తూము తాళం మాత్రం ఇంకొకరి దగ్గరుంది.

గది ఖాళీ చేసేటప్పుడు హోటల్ వాళ్లు ఆ తాళం తియ్యాలి. భోజనమో, బట్టల ఉతుకో ఏమైనా బాకీ ఉంటే అంతవరకు తీసుకుని, మిగతాది వదిలేస్తున్నామని మిషన్లోనే బ్యాంకుకు చెప్పాలి. చాలాచోట్ల ఆ వదిలేసే మీట నొక్కరు. నొక్కకపోతే ఏమవుతుంది? గడువు తీరేదాకా బ్యాంకు దాన్ని అలాగే పట్టుకుని ఉంటుంది. ఆ గడువు బ్యాంకును బట్టి, కార్డును బట్టి మారుతుంది. ఒకచోట వారం, ఇంకోచోట హోటళ్ల విషయంలో నెల దాకా కూడా. "ఆటోమేటిగ్గా వచ్చేస్తుంది" అని కౌంటరులో చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ఎప్పుడొస్తుందన్నది చెప్పడం లేదు, అంతే. బీదవాడికి కావాల్సిన మాట ఆ ఎప్పుడన్నదే.

మా తమ్ముడి నాలుగు వేలు పదకొండో రోజుకు వదిలారు. ఈలోపు ఏం జరిగిందో వినండి. వాడికి బండి లోను ఉంది. నెలనెలా 2,940 రూపాయల వాయిదా బ్యాంకు నుంచి దానంతటదే పోతుంది. ఆ తేదీ వచ్చింది. పాస్‌బుక్కు లెక్కన ఖాతాలో 4,750 ఉంది. వాయిదాకు సరిపోగా ఇంకా మిగలాలి. కానీ అందులో నాలుగు వేలకు తాళం పడి ఉంది. వాడుకోవడానికి ఉన్నది 750. వాయిదా వెనక్కి తిరిగింది. తిరిగినందుకు బ్యాంకు 250 రూపాయలు, దాని మీద జీఎస్టీ 45, కలిపి 295 పట్టుకుంది. ఫైనాన్స్ కంపెనీ ఆలస్య రుసుము కింద ఇంకో 500 వేసింది. మొత్తం 795.

హోటల్ వాళ్లు మా వాడి దగ్గర ఒక్క రూపాయి కూడా ఉంచుకోలేదు. వాళ్ల లెక్కలో ఎవరికీ నష్టం లేదు. మా వాడికి మాత్రం 795 పోయాయి. 2025లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే రెండున్నర రోజులు ఎండలో మట్టి తవ్విన కష్టం. దీన్ని ఏ బిల్లులోనూ చూపించలేం, ఎవరినీ తిరిగి ఇమ్మని అడగలేం. అసలు డిపాజిట్ గురించి నేను మాట్లాడాలనుకున్నది ఈ 795 రూపాయల వల్లనే.

డిపాజిట్ అన్నది తప్పని నేను అనను. మనకిది కొత్తా? ఊళ్లో పెళ్లి ఉందంటే టెంట్ హౌస్ నుంచి సామాను తెస్తాం. గుండిగలు, గరిటెలు, గంగాళాలు, కుర్చీలు. అడ్వాన్సు ఇస్తాం. తెచ్చేటప్పుడు ఇద్దరూ నిలబడి గరిటెతో సహా లెక్కపెట్టుకుంటారు. తిరిగి ఇచ్చేటప్పుడు మళ్లీ లెక్క. ఒక గరిటె తగ్గితే దాని ఖరీదు ఎంతో అక్కడే తేలిపోతుంది, మిగతా డబ్బు అక్కడే చేతిలో పడుతుంది. వస్తువు మన కళ్ల ముందు, లెక్క మన కళ్ల ముందు, డబ్బు మన కళ్ల ముందు. హోటల్లో గది ఇచ్చేటప్పుడు ఏం లెక్కపెట్టి ఇచ్చారు? తిరిగి తీసుకునేటప్పుడు ఏం లెక్కపెట్టారు? రూం బాయ్ వెళ్లి తొంగిచూసి వచ్చి "ఓకే సార్" అంటాడు. సామాను లెక్క ఆ నిమిషంలోనే తేలిపోయింది కదా. డబ్బు లెక్క పదకొండు రోజులెందుకు తేలదు?

పాతకాలం లాడ్జీల పద్ధతి ఇంకోలా ఉండేది. ఇప్పటికీ వేలూరులోనో, విశాఖలో జగదాంబ జంక్షన్ చుట్టుపక్కలో చిన్న లాడ్జీల్లో అదే నడుస్తోంది. ఒక రోజు అద్దె, ఆ పైన కొంత అడ్వాన్సు నోట్ల రూపంలో ఇస్తాం. చీటీ మీద రాసిస్తారు. ఖాళీ చేసేటప్పుడు లెక్క చూసి మిగిలింది ఇచ్చేస్తారు. అందులోనూ పేచీలున్నాయి. ఇరవై నాలుగు గంటల పద్ధతి అని గది తీసుకుంటే, అరగంట దాటిందని రెండో రోజు అద్దె అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. కాగితం ఇవ్వకుండా నోటిమాట మీద తీసుకుంటారు. కానీ పేచీ పడ్డా ఎదురుగా మనిషి ఉంటాడు. ఆ మనిషి గల్లాపెట్టెలోంచే మన డబ్బు బయటికి రావాలి. కార్డు దగ్గరకొచ్చేసరికి ఆ ఎదురుగా ఉండే మనిషి లేకుండా పోయాడు. హోటల్ వాళ్లు బ్యాంకును అడగమంటారు. బ్యాంకు వాళ్లు హోటల్‌ను అడగమంటారు.

మన దగ్గర చాలా డెబిట్ కార్డుల మీద ఈ కట్టిపడేసే పద్ధతి పనిచెయ్యదు. అప్పుడు హోటల్ వాళ్లు డిపాజిట్‌ను మామూలు కొనుగోలులాగే గీకేస్తారు, వెళ్లేటప్పుడు రిఫండ్ కొడతారు. గీకింది క్షణంలో పోతుంది. రిఫండ్ మాత్రం నాలుగైదు పనిదినాలు, ఒక్కోసారి వారం పైన. మధ్యలో రెండో శనివారం, పండగ వచ్చాయంటే ఇంకా ఆలస్యం. క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకు ఈ బాధ అంతగా తెలియదు. వాళ్లకు తాళం పడేది బ్యాంకు ఇచ్చిన అప్పు పరిమితి మీద. ఒకరి చేతిలో బ్యాంకు డబ్బు ఆగుతుంది, ఒకరి చేతిలో సొంత డబ్బు ఆగుతుంది. క్రెడిట్ కార్డు ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటును, జన్‌ధన్ ఖాతా డెబిట్ కార్డు పట్టుకొచ్చిన మనిషి మీద అలాగే రుద్దుతున్నారు. నా ఫిర్యాదు అదే.

తిరుమలలో గది తీసుకున్నప్పుడు కాషన్ డిపాజిట్ కట్టిన అనుభవం మీలో చాలామందికి ఉండి ఉంటుంది. ఒకప్పుడు తాళం చెవి ఇచ్చేసి, డబ్బు తీసుకుని కొండ దిగేవాళ్లం. ఇప్పుడు ఆన్‌లైన్లో కడితే, కట్టిన ఖాతాకే కొద్ది రోజుల్లో తిరిగి వస్తుంది. ఇక్కడ మన పల్లెల వాళ్లకు ఒక చిక్కు ఉంది. గది బుక్ చేసేది ఎవరు? నెట్ సెంటర్ కుర్రాడు. ఎవరి ఖాతాలోంచి కట్టాడు? తన ఖాతాలోంచి. మనం అతనికి నోట్లు ఇచ్చాం. డిపాజిట్ తిరిగొచ్చేది ఎవరికి? అతని ఖాతాకే. రిఫండ్ ఎప్పుడూ వెళ్లిన దారినే వెనక్కి వస్తుంది. మా శాఖకు ఒక పెద్దాయన "సామి దగ్గర కట్టిన డబ్బులు రాలేదమ్మా" అని రెండు నెలల పాటు పాస్‌బుక్కు పట్టుకుని తిరిగాడు. చివరికి చూస్తే ఆ డబ్బు మూడో రోజునే నెట్ సెంటర్ ఖాతాలో పడి ఉంది. ఆ కుర్రాడు మోసగాడు కాదు. రోజుకు వందల లావాదేవీల్లో గమనించలేదు, అడగ్గానే ఇచ్చేశాడు. అందుకని వేరేవాళ్ల చేత కట్టించేటప్పుడు డిపాజిట్ ఎంతో విడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇక విదేశాలు. ఉద్దానం తీరం నుంచి గల్ఫ్‌కు, మలేషియాకు, సింగపూర్‌కు పనికి వెళ్లినవాళ్లు లేని ఊరు మా చుట్టుపక్కల అరుదు. ఈమధ్య చదువులకు అమెరికా వెళ్లే పిల్లలు కూడా పెరిగారు. వాళ్లకు మొదటి రాత్రే ఈ గండం. మందస నుంచి వెళ్లిన మా ఎరికలో అమ్మాయి ఒకతె, అద్దె ఇల్లు దొరికేదాకా మూడు రాత్రులు హోటల్లో ఉంది. రోజుకు వంద డాలర్లు చొప్పున ఆమె ఫారెక్స్ కార్డు మీద మూడు వందల డాలర్లు హోల్డ్ పెట్టారు. అద్దె ఇంటికి అడ్వాన్సు కట్టాల్సిన రోజున కార్డులో డబ్బు చాలలేదు. తల్లిదండ్రులు ఇక్కడ బంగారం తాకట్టు పెట్టి పంపిన డబ్బు అది. అమెరికాలో పెట్రోలు బంకులో కార్డు పెట్టినా, పోయించుకునేది ముప్పై డాలర్లకే అయినా 175 డాలర్ల దాకా హోల్డ్ పెట్టే వీలుంది. కొత్తగా వెళ్లిన పిల్లలకు ఇది ఎవరు చెబుతారు? కాలేజీ చెప్పదు, ఏజెంటు చెప్పడు, కార్డు అమ్మిన బ్యాంకు కూడా చెప్పదు.

ఇంకో సంగతి. హోల్డ్ కాకుండా డబ్బు నిజంగానే గీకేసి తర్వాత తిరిగి ఇస్తే, డాలరు ఖరీదు పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. బ్యాంకు వేసే మారకపు రుసుము దాని మీద అదనం. వంద డాలర్లు వెళ్లి వంద డాలర్లే తిరిగొచ్చినా రూపాయల్లో చాలాసార్లు తక్కువే వస్తుంది. అలాగే కౌంటరులో అడిగే ప్రతి డబ్బూ డిపాజిట్ అనుకోకండి. దుబాయిలో 2014 నుంచి టూరిజం దిర్హమ్ అని, హోటల్ స్థాయిని బట్టి గదికి రాత్రికి 7 నుంచి 20 దిర్హమ్‌ల వరకు తీసుకుంటారు. మలేషియాలో 2017 సెప్టెంబరు నుంచి విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్లు పన్ను. ఇవి తిరిగిరావు. తిరిగొచ్చేది ఏదో, తిరిగిరానిది ఏదో కౌంటరు దగ్గరే తేల్చుకోవాలి.

మన హోటళ్ల బిల్లులో కూడా ఒకటి చూసుకోండి. గది అద్దె రోజుకు 7,500 రూపాయల వరకు ఉంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతం. అది అద్దె మీద. తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద జీఎస్టీ ఉండదు. డిపాజిట్‌ను కూడా కలిపేసి పన్ను వేస్తే అది తప్పు బిల్లు. మార్చి ఇమ్మని అడిగే హక్కు మీకుంది.

హక్కు అన్నాను కాబట్టి చట్టం సంగతి చెబుతాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద 2023 నవంబరు 30న కేంద్రం కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆన్‌లైన్లో కొనేవాణ్ని తప్పుదారి పట్టించే పదమూడు రకాల పోకడలను అందులో పేరుపెట్టి నిషేధించారు. ఒకటి, ధరను మొదట మొత్తంగా చూపకుండా చుక్కచుక్కగా బయటపెట్టడం. డిపాజిట్ తిరిగిచ్చేదే కదా, అది ధరలోకి ఎలా వస్తుందని హోటల్ వాళ్లు వాదించొచ్చు. నా మట్టుకు నాకు ఆ వాదన నిలవదనిపిస్తుంది. 1,350కే గది అని చూసి మనిషి బయల్దేరాడు. ఆ గదిలో అడుగు పెట్టడానికి ఇంకో నాలుగు వేలు ఉండాలని ముందే తెలిస్తే, ఆ గది తీసుకునేవాడే కాదు. ఎంచుకోవడానికి కావాల్సిన మాట దాచిపెట్టడం మోసం కిందికే వస్తుంది. అమెరికాలో 2025 మే 12 నుంచి హోటళ్లు తప్పనిసరి రుసుములన్నీ కలిపిన మొత్తం ధరనే ముందు చూపించాలని నియమం వచ్చింది. మన దగ్గర డిపాజిట్‌ను కూడా బుకింగ్ పేజీలోనే, అద్దె పక్కనే, అదే సైజు అక్షరాల్లో చూపించేలా చెయ్యాలి.

గట్టిగా అడిగితే పని జరుగుతుందన్నది మా తమ్ముడి విషయంలోనే చూశాను. వాడు పారెయ్యకుండా దాచిన చీటీ గుర్తుందా? దాని మీద ఒక ఆథరైజేషన్ కోడ్ ఉంటుంది. తేదీ, మొత్తం, కార్డు చివరి నాలుగు అంకెలు ఉంటాయి. ఊరికి వచ్చాక ఆ చీటీ ఫోటో, గది ఖాళీ చేసిన బిల్లు ఫోటో కలిపి హోటల్‌కు మెయిల్ పెట్టించాను. ఈ కోడ్‌తో పెట్టిన హోల్డ్ వదిలేస్తున్నామని మా బ్యాంకుకు రాసివ్వండి అని. అదే కాపీ వాడి బ్యాంకుకు ఇప్పించాను. రెండో రోజున డబ్బు విడుదలైంది. చీటీ లేకపోతే బ్యాంకు కౌంటరులో మాకూ చెయ్యడానికి ఏమీ ఉండదు. ఎప్పటి హోల్డో, ఎవరు పెట్టారో వెతుక్కోవడంతోనే వారం గడిచిపోతుంది.

బ్యాంకుకు ఫిర్యాదు రాసిచ్చాక ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు, ఖర్చు లేదు. దారి తెలియకపోతే 14448 నంబరుకు ఫోన్ చెయ్యండి. హోటల్ మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. హోటల్ హైదరాబాదులో ఉంది, చెన్నైలో ఉంది, అంత దూరం ఎలా తిరుగుతాం అని చాలామంది ఊరుకుంటారు. ఆ భయం అక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే మనిషి ఎక్కడ ఉంటే అక్కడే కేసు వెయ్యొచ్చు. మూలపేట మనిషి శ్రీకాకుళంలో వెయ్యొచ్చు. ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు.

కానీ అంతదూరం రాకుండా చూసుకోవడం మేలు. గది బుక్ చేసినప్పుడే హోటల్‌కు నేరుగా ఒక్క ఫోన్ చెయ్యండి. డిపాజిట్ ఉందా, ఎంత, నోట్ల రూపంలో తీసుకుంటారా, ఖాళీ చేసేటప్పుడు అక్కడే ఇస్తారా అని అడగండి. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, హోటల్ వాళ్లు అడగందే చెబుతారా? కార్డే కావాలంటే, మీట నొక్కకముందే అడగండి, ఇది హోల్డా, గీకడమా అని. ఆసుపత్రి డబ్బు ఉన్న ఖాతా కార్డు మాత్రం ఆ మిషన్లో పెట్టకండి. ఇంట్లో రెండో ఖాతా ఉంటే దాని కార్డు ప్రయాణానికి ఉంచుకోండి, అందులో గదికి సరిపోయేంత మాత్రమే వేసుకోండి. వాయిదాలు పోయే ఖాతా వేరు, ప్రయాణం ఖాతా వేరు చేసుకుంటే మా తమ్ముడికి పడిన దెబ్బ మీకు పడదు. వెళ్లేటప్పుడు కౌంటరు దగ్గరే నిలబడి, రిలీజ్ చేసిన చీటీ చేతికిచ్చేదాకా కదలకండి. వాళ్లు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

యూపీఐతో కడితే ఈ గొడవ లేదు కదా అని కుర్రాళ్లు అంటారు. మామూలుగా యూపీఐతో డిపాజిట్ ఇస్తే అది డబ్బు పంపడమే. తిరిగి పంపాల్సింది మేనేజరు. పంపించేదాకా అక్కడ నిలబడే ఓపిక మీకుండాలి. 2022 డిసెంబరులో రిజర్వు బ్యాంకు యూపీఐలోనూ డబ్బును కట్టిపెట్టి విడతలుగా తీసుకునే ఏర్పాటు తెస్తామని ప్రకటించింది. ఆ ప్రకటనలో ఉదాహరణగా చెప్పినవాటిలో హోటల్ బుకింగ్ కూడా ఉంది. అది హోటల్ కౌంటర్ల దాకా వచ్చినప్పుడు, ఎంత కట్టిపెడుతున్నారో, ఏ తేదీన వదులుతారో తెలుగులో, తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించాలి. ఇది నా కోరిక కాదు, డిమాండు.

ఇక చివరగా మన ఊరి మాట. మూలపేట దగ్గర ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. పనులు మొదలైనప్పటి నుంచి బయటి ఊళ్ల మనుషులు మా రోడ్ల మీద కనిపిస్తున్నారు. ఇంజనీర్లు, వెల్డర్లు, లారీ డ్రైవర్లు, పని వెతుక్కుంటూ ఒడిశా నుంచి వచ్చిన కుర్రాళ్లు. టెక్కలి నుంచి నౌపడ వైపు వచ్చే దారిలో, కాశీబుగ్గలో, హైవే పక్కన రేపు లాడ్జీలు ఇంకా లేస్తాయి. ఇన్నాళ్లూ ఊరుగాని ఊళ్లో గది అడిగినవాళ్లం మనం. ఇకమీదట గది ఇచ్చేవాళ్లం కూడా అవుతాం.

ఆ లాడ్జీలు కట్టబోయే మన ఊరి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు నాది ఒకటే విన్నపం. కౌంటరు వెనక గోడకు అద్దెల బోర్డు ఎలాగూ పెడతారు. ఆ బోర్డులోనే, అద్దె పక్కనే, డిపాజిట్ ఎంతో, ఎప్పుడు తిరిగి ఇస్తారో తెలుగులో, ఒడియాలో, హిందీలో రాయించండి. తాళం చెవి తిరిగి తీసుకున్న చేత్తోనే ఆ డబ్బు ఇచ్చేయండి.